పడ్డవాణ్ణి లేపడమా? పగవాణ్ణి పట్టడమా?

మన సినిమాల్లో ఫైటింగ్ సీను ఎలా ఉంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. హీరో ఒక్కడు, రౌడీలు పాతికమంది. ఒక్కొక్కడూ వరసగా వచ్చి తన్నులు తినిపోతాడు. మిగతావాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి ఉంటారు! కానీ ఇప్పటి కుర్రకారు సెల్‌ఫోన్లలో ఆడే తుపాకుల ఆటలో ఈ పప్పులుడకవు. అక్కడ ఒంటరిగా దూకిన హీరోగారు ఇంటర్వెల్ దాకా కూడా ఉండరు.

నేను చెప్పేది బీజీఎంఐ సంగతి. దీని వెనకా ఓ సినిమా ఉంది సుమండీ! 2000లో జపాన్ దర్శకుడు కింజి ఫుకసాకు ‘బ్యాటిల్ రాయల్’ అనే చిత్రం తీశారు. ఓ క్లాసు పిల్లల్ని దీవిలో వదిలి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు. ఆ చిత్రం స్ఫూర్తితో ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ రూపొందించిన పబ్‌జీ 2017లో కంప్యూటర్లలోకీ, 2018లో ఫోన్లలోకీ వచ్చింది. 2020 సెప్టెంబరులో మన దేశంలో ఫోన్ ఆటను నిషేధించారు. 2021లో బీజీఎంఐ అనే కొత్త పేరుతో దిగింది. 2022లో మాయమై, 2023లో మళ్ళీ ప్రత్యక్షమైంది. చచ్చాడనుకున్న హీరో క్లైమాక్సులో దిగినట్టే!

గమ్మత్తేమిటంటే, ఆ సినిమాలో బతకాలంటే స్నేహితుణ్ణి చంపాలి. ఇక్కడ నలుగురు కలిసి ‘స్క్వాడ్’గా దిగితే, గెలవాలంటే స్నేహితుణ్ణి బతికించుకోవాలి.

ఎరాంగెల్ అనే దీవి 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. అందులో వందమంది దిగుతారు. చుట్టూ వలయం బిగుసుకుంటూ ఉంటుంది. జట్టులో తూటాలు తిని పడ్డవాడు వెంటనే చావడు, పాకుతుంటాడు. ప్రాణం మాత్రం కారిపోతూ ఉంటుంది. తోటివాడు పక్కన కూచుని కాసేపు శ్రమిస్తే లేస్తాడు. ఆ కాసేపూ లేపేవాడు తుపాకీ పేల్చలేడు. అసలు నాటకమంతా ఇక్కడే!

ఓ ఆదివారం మా మేనల్లుడు ఆడుతుంటే వెనక కూచుని చూశాను. జట్టులో ఒకడు పడ్డాడు. “ఒరేయ్, లేపండ్రా!” అని వాడి గోల. మావాడు మాత్రం కదల్లేదు.

“వెళ్ళవేంరా?” అన్నాను.

“వాణ్ణి ఎరగా పెట్టారు మావయ్యా! లేపడానికి వెళ్ళేవాడి కోసమే కాచుకుని ఉంటారు.”

తెర పైన దిక్సూచి అంకె చూసి “170లో, రాయి వెనక ఇద్దరు!” అన్నాడు. ఒకడు ఆ రాయి మీదే కాల్పులు కురిపించాడు, అవతలివాళ్ళు తల ఎత్తకుండా. ఇంకొకడు చడీచప్పుడు లేకుండా పక్కనుంచి చుట్టివెళ్ళాడు. రాయి ఒకవైపు కాపాడుతుందిగానీ రెండువైపులా కాపాడదుగా! ఈలోగా మావాడు పొగబాంబు విసిరాడు. పడ్డవాడి నెత్తిన కాదు, వాడికీ శత్రువుకీ మధ్యన. ఆ పొగచాటునే వెళ్ళి వాణ్ణి లేపాడు.

ఇలా ఆజ్ఞలిచ్చేవాణ్ణి ‘ఐజీఎల్’ అంటారు. మన ఫైట్ మాస్టరు లాంటివాడన్నమాట! గురి బాగా కుదిరినవాడే ఆ పనికి పనికొస్తాడని లేదు. నాలుగు గొంతులు ఒకేసారి అరుస్తుంటే, తన గొంతు పెంచకుండా ఒక్క నిర్ణయం చెప్పగలిగినవాడు కావాలి.

ఆ నిర్ణయం ఒక్కోసారి చేదుగానే ఉంటుంది. వలయం మీదికొస్తుంటే పడ్డవాణ్ణి వదిలి పరుగెత్తాల్సిందే. ఎందుకంటే, నిలబడ్డ ఆఖరివాడు కూడా పడ్డాడో, పాకుతున్నవాళ్ళతో సహా అందరి ఆటా ఒక్కసారే కట్టు! అప్పుడు “మీరు పోండ్రా, నన్నొదిలేయండి” అని పడ్డవాడే అనాలి. అలా అనగలిగిన జట్టును ఓడించడం కష్టమని మావాడి మాట. నాకూ నిజమే అనిపించింది.

చప్పట్లు మాత్రం కాల్చినవాడికే! పొగ వేసినవాణ్ణి అడిగే నాథుడు లేడు. మన దర్శకుల్లో ఎవరైనా, హీరో పిడికిలి ఎత్తకుండా పొగబాంబు విసిరి స్నేహితుణ్ణి ఈడ్చుకొచ్చే ఫైటు తీస్తే, నేల టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి మొదటి ఈల వేసేవాణ్ణి నేనే!