ఇంజిన్ వెనక... సాలు కళ్లముందు!

ట్రాక్టర్ బొమ్మ గీయమంటే ఏ పిల్లాడైనా ముందు ఇంజిన్ గీస్తాడు. దాని వెనక సీటు, అటూ ఇటూ రెండు పెద్ద చక్రాలు వేస్తాడు. ఆ బొమ్మను తిరగేసి చూసినట్టుండే ట్రాక్టర్ ఒకటుంది. అందులో ఇంజిన్ డ్రైవర్ వీపు వెనక ఉంటుంది. ముందు రెండు ఇనుప గొట్టాలు, వాటి కింద కలుపు తీసే బద్దలు, ఆపైన కనిపించేదంతా పంట సాలే. అమెరికాలో 1948లో వచ్చి 1955లో ఆగిపోయిన ఆ బుల్లి ట్రాక్టర్ పేరు అల్లిస్-చామర్స్ జి. తయారీ ఆగి డెబ్బై ఏళ్లయినా అక్కడి చిన్న కూరగాయల రైతులు దాన్ని వెతికి మరీ కొనుక్కుంటున్నారు.

ఎక్కడో అమెరికా పాత ట్రాక్టర్‌తో బనగానపల్లె రైతుకు పనేముంది అంటారా? పని ఉంది. అది ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో, ఆ ప్రశ్న ఇప్పుడు మన చేలగట్ల మీదకొచ్చి కూర్చుంది. ఎద్దులు పోయాక గుంటక ఎవరు తోలాలి?

కొట్టం ఖాళీ... చేలో కలుపు

బనగానపల్లె పేరు చెప్పగానే అందరికీ మామిడి గుర్తొస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పండు అది. కానీ బనగానపల్లె, కోవెలకుంట్ల, అవుకు చుట్టూ ఉన్న మెట్ట రైతు బతుకు నల్లరేగడిలో పత్తి, శనగ, కంది, జొన్న, కొర్ర పంటల మీదే నడిచింది. ఈ పంటలన్నిటికీ సాళ్ల మధ్య సేద్యం ప్రాణం. గుంటక తోలితే కలుపు తెగుతుంది, పైన కట్టిన పొర పగులుతుంది. నల్లరేగడి ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది కదా, ఆ నెర్రెలు పూడుకుని లోపలి పదును ఆవిరైపోకుండా నిలుస్తుంది. వాన ఎప్పుడొస్తుందో తెలియని చోట గుంటకపాటు అంటే సగం తడి పెట్టినట్టే.

పక్కనే ఉన్న యాగంటిలో బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. ఊళ్లలో ఎద్దులు మాత్రం తగ్గుతూ వచ్చాయి. దానికి కారణం ఒక్క ట్రాక్టర్ అనుకుంటే పొరపాటు. జొన్న వేసే చేలల్లోకి శనగ వచ్చింది. జొన్న తగ్గేసరికి చొప్ప తగ్గింది. చొప్ప లేకపోతే ఏడాది పొడుగునా ఎద్దుల్ని దేంతో మేపాలి? సేద్యానికి ట్రాక్టర్ బాడుగకు దొరికాక, ఏడాదిలో కొన్ని రోజుల గుంటక పని కోసం జతను కట్టుకుని కూర్చోవడం బరువైంది. మంచి జత కొనాలంటే లక్ష రూపాయల పైమాటే. దాంతో ఎద్దులున్న నలుగురైదుగురి కోసం ఊరంతా ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. వాన వెలిసి పదును కుదిరిన ఆ నాలుగు రోజుల్లో అందరికీ ఒకేసారి గుంటక కావాలి. దొరక్కపోతే రెండే దారులు. ఒకటి కూలీలు, రెండోది కలుపు మందు.

గుంటక వెనక నడిచే కన్ను

మన గుంటకలో ఉన్న తెలివి ఏమిటో ఒకసారి చూడండి. ఎద్దులు ముందు నడుస్తాయి, రైతు వెనక నడుస్తాడు. ఇద్దరి మధ్యలో, సరిగ్గా రైతు కళ్లెదుట, బద్ద మట్టిలో పోతుంటుంది. మొక్క దగ్గరికి బద్ద జరిగితే చేయి వెంటనే మేడిని పక్కకు వంచుతుంది. పంట కొరక్కుండా ఎద్దుల మూతికి చిక్కం ఉంటుంది. పొడుగాటి కాడికి రెండు మూడు చిన్న దంతెలు కట్టి, ఒక్కో దంతె వెనక ఒక్కో మనిషి నడిచే పద్ధతి కూడా ఉండేది. ఎంత వేగంగా పోతున్నామన్నది ఇక్కడ లెక్కే కాదు. బద్ద ఎక్కడ పోతోందో కనిపించాలి, తప్పితే ఆ క్షణంలోనే దిద్దుకోగలగాలి. సాళ్ల సేద్యానికి ఇదే కిటుకు.

మామూలు ట్రాక్టర్‌లో సరిగ్గా ఈ కిటుకే పోతుంది. డ్రైవర్ ముందు ఇంజిన్ బానెట్, పనిముట్టేమో వీపు వెనక. ముందు చూస్తే బద్ద కనపడదు. వెనక్కి తిరిగితే సాలు తప్పుతుంది. రోజంతా మెడ అటూ ఇటూ తిప్పుతూ తోలాల్సిందే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పనిముట్టు వెనక చక్రాల ఇరుసుకు అవతల వేలాడుతుంటుంది. స్టీరింగ్ కుడికి తిప్పగానే ట్రాక్టర్ ముక్కు కుడికి పోతుంది, తోక మాత్రం మొదట ఎడమకు ఊగుతుంది. అంటే మొక్కను కాపాడబోయి తిప్పిన స్టీరింగే అవతలి సాలు మొక్కల మీదకు బద్దను తోస్తుంది. దుక్కి దున్నేటప్పుడు ఈ ఊపు ఎవరికీ పట్టదు. అడుగున్నర, రెండడుగుల సాళ్లలో అదే కొంప ముంచుతుంది. పైగా 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్ సుమారు రెండు టన్నుల బరువు. తడి నల్లరేగడి మీద ఆ బరువు నడిస్తే చక్రం పోయిన దారి గట్టిపడుతుంది.

గాడ్స్‌డెన్‌లో పుట్టిన ఉపాయం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో చిన్న రైతులు గుర్రాలు, కంచర గాడిదలు వదిలి యంత్రాల వైపు చూస్తున్న రోజులవి. కూరగాయలు, నారుమళ్లు పెంచే వాళ్ల కోసం అల్లిస్-చామర్స్ కంపెనీ అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్ ఫ్యాక్టరీలో ఈ జి మోడల్ తయారు చేసింది. నాలుగు సిలిండర్ల చిన్న కాంటినెంటల్ పెట్రోల్ ఇంజిన్, శక్తి ఇంచుమించు 10 హెచ్‌పీ. బరువు దాదాపు 600 కిలోలు. ఏడెనిమిదేళ్లలో సుమారు 30 వేల ట్రాక్టర్లు బయటికొచ్చాయి.

ఇంజిన్ వెనక పెట్టడంతో ఒకేసారి మూడు పనులు జరిగాయి. మొదటిది, డ్రైవర్ ముందు అడ్డం పోయింది. కాళ్ల మధ్య నుంచి చూస్తే బద్ద, మొక్క రెండూ కనిపిస్తాయి. రెండోది, పనిముట్టు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య, బండి కడుపు కింద చేరింది. కాబట్టి స్టీరింగ్ ఎటు తిప్పితే బద్ద కూడా అటే పోతుంది, తోక ఊపు లేదు. మూడోది, ఇంజిన్ బరువు తోసే చక్రాల మీద పడింది. బండి తేలికైనా చక్రం జారకుండా పట్టు దొరికింది. చక్రాల మధ్య దూరం సాళ్లకు తగ్గట్టు మార్చుకోవచ్చు. మామూలు గేర్లతో పాటు మొలక దశలో పాకుతున్నట్టు పోయేందుకు ప్రత్యేకంగా ఒక నెమ్మది గేరు ఇచ్చారు.

ఎద్దుల వెనక నడిచే రైతుకున్న చూపును యంత్రం మీద కూర్చున్న రైతుకు తిరిగి ఇచ్చింది ఆ ఒక్క మార్పే.

ఈ ఆలోచన ఒక్క అమెరికాకే రాలేదు. జర్మనీలో 1951లో లాంజ్ ఆల్‌డాగ్, 1953లో ఫెంట్ కంపెనీ పనిముట్ల బండి ఇదే దారిలో వచ్చాయి. ఇంగ్లండ్‌లో డేవిడ్ బ్రౌన్ 2డి 1955 నుంచి 1961 దాకా తయారైంది. అందులో బండి చట్రం గొట్టంలోనే గాలి నింపి, ఆ ఒత్తిడితో పనిముట్టును పైకెత్తేవారు. సోవియట్ యూనియన్‌లో ఖార్కివ్ ఫ్యాక్టరీ టి-16 పేరుతో ఇలాంటి బండ్లను దశాబ్దాల పాటు లక్షల్లో చేసింది.

మరి ఎందుకు ఆగిపోయింది?

లోపాలు లేక కాదు. 10 హెచ్‌పీతో లోతు దుక్కి కాదు, బరువైన ట్రాలీ లాగలేదు. పంట మోకాలి ఎత్తు దాటితే కడుపు కింద తగులుతుంది. పొలాలు పెద్దవై, కలుపు మందులు వచ్చాక కంపెనీలకు చిన్న బండి మీద ఆసక్తి పోయింది.

మళ్లీ దానికి గిరాకీ తెచ్చింది మందుల్లేని సేద్యం. కలుపు మందు కొట్టని రైతుకు మొక్క పక్కన అంగుళం దూరంలో బద్ద నడిపే బండి కావాలి. కొందరు పాత జి ట్రాక్టర్ల పెట్రోల్ ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీలు బిగించుకున్నారు. ఇంజిన్ చిన్నది, పైగా వెనక విడిగా ఉండటంతో ఆ మార్పిడి తేలికైంది.

అదే నమూనా ఆధారంగా అలబామాలోనే ఇద్దరు వ్యాపారులు ఒగ్గున్ అనే కొత్త ట్రాక్టర్ తయారు చేశారు. బజార్లో ఎక్కడైనా దొరికే విడిభాగాలతో, ఊరి మెకానిక్ బాగు చేయగలిగేలా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. క్యూబాలో ఫ్యాక్టరీ పెట్టేందుకు 2016లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. అదే ఏడాది చివరికి క్యూబా ప్రభుత్వం వద్దనడంతో ఆ ఫ్యాక్టరీ కట్టనే లేదు. యంత్రం మంచిదైనంత మాత్రాన రైతు దగ్గరికి చేరుతుందన్న భరోసా లేదు!

పటాన్‌చెరు చెప్పిన పాఠం

ఈ మాట మనకు కొత్త కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్, నల్లరేగడి మెట్ట సేద్యం కోసం ట్రోపికల్టర్ అనే ఎడ్లబండి లాంటి పరికరాన్ని ప్రయోగించింది. ఫ్రెంచి ఇంజినీర్ జాన్ నోల్ రూపకల్పన అది. రెండు చక్రాలు, పైన సీటు, కింద కావాల్సిన పనిముట్టు. దున్నడం, విత్తడం, గుంటక, అన్నీ దాంతోనే. పరిశోధన క్షేత్రంలో భేషుగ్గా పనిచేసింది.

ఊళ్లలోకి వచ్చేసరికి కథ మారింది. మామూలు పనిముట్ల ధరకు అది ఎన్నో రెట్లు. బరువెక్కువ, చిన్న మడుల్లో తిప్పడం కష్టం. బ్రిటన్ నిపుణుడు పాల్ స్టార్కీ ఇలాంటి చక్రాల పరికరాలు ప్రపంచమంతా ఏమయ్యాయో పరిశీలించి 1988లో పుస్తకం రాశారు. పక్కాగా తయారయ్యాయి గానీ రైతులు వద్దన్నారు అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. చాలాచోట్ల రైతులు ఆ పరికరాల్ని చివరికి ఉత్త బండిగానే వాడుకున్నారని ఆయన తేల్చారు.

మన చేలోకి రావాలంటే...

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల లోపే. అంత భూమికి గుంటక పని మాత్రమే చేసే బండిని ఒక్క రైతు కొనుక్కోలేడు. బాడుగకు తిరగాలి, లేదా పది మంది కలిసి కొనుక్కోవాలి. ప్రభుత్వ సాయంతో నడిచే యంత్రాల బాడుగ కేంద్రాలకు ఇలాంటి బండి సరిగ్గా సరిపోతుంది.

మన దేశంలో ప్రయత్నాలు లేకపోలేదు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ 1990ల్లో బుల్లెట్ మోటార్‌సైకిల్‌కు వెనక రెండు చక్రాలు, గుంటక బిగించి బుల్లెట్ సాంతి తయారు చేశారు. చవకైంది, సన్నని సాళ్లలో దూరుతుంది. కానీ పనిముట్టు వెనకే. 2021లో స్వరాజ్ కంపెనీ 11 హెచ్‌పీ కోడ్ యంత్రాన్ని ముందుకూ వెనక్కూ రెండు దిక్కులా నడిపే వీలుతో తెచ్చింది. 2023లో సీఎస్ఐఆర్ సంస్థ చిన్న రైతుల కోసం ప్రైమా ఈటీ11 అనే విద్యుత్ ట్రాక్టర్‌ను ఆవిష్కరించింది. ట్రాక్టర్ చిన్నదవుతోంది, సంతోషమే. దాంతో పాటు పనిముట్టు కళ్లముందుకు రావాలి.

పరిశోధకులు తలుచుకుంటే కానిదేం కాదు. 1906 నుంచీ ఉన్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే శనగ రకం ఎన్‌బీఈజీ-47ను ఇచ్చింది. కోత యంత్రం కోసం పంటనే మార్చినప్పుడు, పంట కోసం ట్రాక్టర్‌ను ఎందుకు మార్చకూడదు?

అప్పటిదాకా రైతు చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటుంది. విత్తే గొర్రుకు ఎన్ని సాళ్లుంటే, గుంటకకూ అన్ని సాళ్లే ఉండాలి. ఒకసారి గొర్రు తోలినప్పుడు పడిన సాళ్ల మధ్య దూరం మారదు. పక్క వరసతో కలిసే చోటే కాస్త వంకర వస్తుంది. గుంటక కూడా అదే వరసలో పోతే మొక్కలు తెగవు. ఏ ట్రాక్టర్ వాడినా ఈ సూత్రం పనికొస్తుంది.

ఇక చిన్న ట్రాక్టర్ కొనాలనుకునేవాళ్లు షాపులో హెచ్‌పీ, సబ్సిడీ అడగక ముందు ఒకసారి సీటెక్కి కూర్చోండి. మెడ తిప్పకుండా గుంటక బద్ద కనిపిస్తోందా చూడండి. విరిగితే బనగానపల్లె వెల్డింగ్ షాపులో అతుకుతుందా, విడిభాగం కోసం కర్నూలు పోవాలా అని అడగండి. ఈ రెండిటికీ మంచి జవాబు వస్తే, ధర సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.