మీట మీద ఒకటి, తెర మీద ఇంకొకటి

లండన్‌లో చదువు ముగించుకుని వచ్చిన మా అక్క కొడుకు తన ల్యాప్‌టాప్‌ను వాళ్ల నాన్నకిచ్చాడు. ఇక్కడి షాపులో విండోస్ మళ్లీ వేయించారు. అప్పటినుంచి బావగారికి మెయిల్ అడ్రసు కొట్టడం గగనమైపోయింది. ఎంటర్‌కు దగ్గర్లో @ అని అచ్చయి ఉన్న మీటను షిఫ్ట్‌తో నొక్కితే డబుల్ కోట్స్ పడుతున్నాయి. 2 మీద డబుల్ కోట్స్ ఉన్నాయి, నొక్కితే @ వస్తోంది. 3 మీదున్న పౌండు గుర్తుకు బదులు # పడుతోంది. "కీబోర్డ్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు షాపువాళ్లు.

నిజానికి ఒక్క మీట కూడా పాడవలేదు. మనం మీట నొక్కినప్పుడు కంప్యూటర్‌కు అక్షరం వెళ్లదు, ఫలానా చోటున్న మీట నొక్కారన్న సంకేతం మాత్రమే వెళ్తుంది. ఆ చోటికి ఏ గుర్తు వేయాలో విండోస్ తన దగ్గరున్న పట్టిక చూసి తేలుస్తుంది. దాన్నే లేఅవుట్ అంటారు. మీట మీది అచ్చు మన కళ్ల కోసమే, కంప్యూటర్‌కు అది కనపడదు. అమెరికా లేఅవుట్‌లో @ ఉండేది 2 మీద, బ్రిటన్ లేఅవుట్‌లో అక్కడ డబుల్ కోట్స్. బావగారి కీబోర్డ్ బ్రిటన్‌ది, విండోస్‌లో పెట్టింది అమెరికా పట్టిక. జర్మనీలో కొన్న ల్యాప్‌టాప్‌లకూ ఇదే చిక్కు, అక్కడ వై, జడ్ అక్షరాలు తారుమారుగా ఉంటాయి.

సరిచేయడం తేలికే. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరవండి. భాష పక్కనున్న మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే కీబోర్డుల జాబితా ఉంటుంది. మీ కీబోర్డ్‌కు సరిపడేది ముందు చేర్చి, ఆ తర్వాతే అక్కర్లేనిది తీసేయండి.

నిన్నటిదాకా బాగున్నది ఇవాళ ఉన్నట్టుండి మారిందా? రెండు మూడు భాషల లేఅవుట్లు ఉన్న కంప్యూటర్‌లో ఆల్ట్, షిఫ్ట్ పొరపాటున కలిసి నొక్కుకుపోతే ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్ పెట్టుకున్నవాళ్లకు ఇంగ్లిష్ 'కె' నొక్కితే 'క' పడేది అందుకే. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే వెనక్కి రావచ్చు. పాస్‌వర్డ్ దగ్గర మరీ జాగ్రత్త. అక్కడ చుక్కలే కనపడతాయి గనుక, తప్పు గుర్తు పడిందని తెలియక పాస్‌వర్డే మరిచిపోయామనుకుని కంగారుపడతాం.

కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3 వస్తాయి. అది నమ్ లాక్ పని, దాన్ని ఆపేస్తే చాలు.

మీట అసలు పలకకపోయినా, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నా దుమ్మో నీళ్లో చేరి ఉండొచ్చు. అది మాత్రం మెకానిక్ చూడాల్సిందే. బావగారి ల్యాప్‌టాప్‌కు యునైటెడ్ కింగ్‌డమ్ లేఅవుట్ చేర్చి, పాతది తీసేశాం. పాత మీటలతోనే ఇప్పుడాయన హాయిగా మెయిల్స్ రాసుకుంటున్నారు. కొత్త కీబోర్డ్‌కు డబ్బు కట్టేముందు మీరూ ఒక్కసారి ఆ సెట్టింగ్ చూడండి.