పలకపై నీటి లెక్క

మార్కాపురము పేరు వినగానే బడికి వెళ్ళినవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది పలక. పలు తరముల పిల్లలు ఆ సీమ రాతిపైననే ఓనమాలు దిద్దిరి. ఆ రాయి నేల లోపల పొరలు పొరలుగా పరచుకొని యున్నది. పలకకు పనికివచ్చిన ఆ బిగువే నీటి విషయమున ఆ సీమకు కష్టము తెచ్చినది. ఇసుక నేల వలె ఆ రాయి వాన నీటిని పీల్చుకొనదు; పొరల సందులలో, పగుళ్ళలో పట్టినంత నీరే దానిలో నిలుచును. మిగిలినది వాగుల వెంట పరుగులు తీయును. నల్లమల ఒడిలో వాన కురిసిన నాడు వాగు పొంగును; కొలది దినములకే ఇసుక తేలును. కంభము వైపు కురిసిన వాన గుండ్లకమ్మలో చేరి తూర్పుగా సముద్రమునకు పోవును. గిద్దలూరు వైపు కురిసినది సగిలేటిలో చేరి దక్షిణముగా పెన్నను కలియును. ఈ పారిపోవు నీటిని నిలుపుటకు మానవుడు చేసిన ప్రయత్నమే ఆ సీమ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయము.

ఆ ప్రయత్నమునకు ధనము ఎవరు ఇచ్చిరి? ఇచ్చిన ధనముతో కట్టిన కట్టను తరువాత ఎవరు కాపాడిరి? మొదటి ప్రశ్నకు సమాధానము శాసనములలోను ప్రభుత్వపు ఉత్తర్వులలోను దొరకును. రెండవ ప్రశ్నయే కఠినమైనది. ఊరి బ్రతుకు ఆధారపడి యుండునది ఆ రెండవదాని మీదనే.

కంభము చెరువును చూచినవారికి ఈ రెండు ప్రశ్నలును ఒక్కసారిగా తోచును. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ పారు ఇరుకు దారికి అడ్డముగా కట్ట వేసి నిర్మించిన చెరువు అది. విజయనగర కాలమున వరదరాజమ్మ అను రాణి దీనిని కట్టించెనని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో వెలువడిన ఇంపీరియల్ గెజిటీరు ఆ కట్ట ఎత్తు 57 అడుగులనియు, దానికి నీరు చేరు ప్రదేశము 430 చదరపు మైళ్ళనియు, నేరుగా సాగగు ఆయకట్టు సుమారు 10,300 ఎకరములనియు వ్రాసినది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి సంఘము దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చినది. గిద్దలూరుకు దక్షిణమున కడప సీమలో నున్న పోరుమామిళ్ళ చెరువునకు కూడ అదే సంవత్సరము ఆ గౌరవము దక్కినది.

పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనము కలదు. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించిన వృత్తాంతము అందున్నది. రెండు సంవత్సరముల కాలము దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు పనిచేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. అంతకంటె విలువైనది అందలి శాస్త్రము. మంచి చెరువునకు పండ్రెండు అంగములు ఉండవలెనని, ఆరు దోషములు ఉండరాదని అది వివరించును. గట్టి నేల, తియ్యని నీటి ఏరు, దగ్గరలో రాతి గని, పని తెలిసిన మనుష్యులు అంగములలోనివి. కట్ట నుండి నీరు ఊరుట, నేల చవుడగుట దోషములలోనివి. నీరు స్వల్పముగా ఉండి సాగు భూమి విస్తారముగా ఉండుట కూడ ఒక దోషమే. ఆరు వందల ఏండ్లు దాటినను ఆ చివరి దోషము నేటికిని పాతబడలేదు.

రాజులు కట్టించిన పెద్ద చెరువులు కొన్నియే. ఊరూర నున్న చిన్న చెరువులను, కుంటలను కట్టించుటకును బాగుచేయించుటకును పూర్వులు వేరొక ఏర్పాటు చేసికొనిరి. దానికి దశబంధమని పేరు. చెరువు త్రవ్వించినవానికి లేక తెగిన కట్టను పూడ్పించినవానికి దాని క్రింద కొంత భూమిని మాన్యముగా ఇచ్చుట ఒక పద్ధతి. దీనిని ఖండ దశబంధ మనిరి. ఆయకట్టు శిస్తులో కొంత వంతును ఇచ్చుట రెండవ పద్ధతి. దీనిని షామిలాతు దశబంధ మనిరి. పదవ వంతు అను అర్థము పేరులోనే యున్నది. ఈ మాన్యము అనుభవించు కుటుంబము కట్టను కనిపెట్టి యుండవలెను. చెరువు నిండిననే మాన్యము పండును. కట్ట తెగినచో ఊరి పైరుతో పాటు వారి పైరును పోవును. ప్రభుత్వ సహాయమును చెరువు సంరక్షణతో విడదీయరాని విధముగా ముడివేసిన ఏర్పాటు అది.

కంపెనీ పాలనలోను, తరువాతను ఆ ముడి క్రమముగా సడలినది. ఊరివారు ఏటేటా కలిసి చేసికొను కుడిమరామత్తు మందగించినది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టము, కట్ట తెగు ఆపద వచ్చినపుడు ఊరివారు పనికి రావలెనని శాసించినది. 1883లో మద్రాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకమును ఆరంభించినది. స్వాతంత్ర్యానంతరము 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఇనాము భూములు రైత్వారీ పట్టాలుగా మారసాగినవి. భూమిపై అసమాన హక్కులు పోవుట న్యాయమే. కాని చెరువును కనిపెట్టి యుండు బాధ్యతకు ఆ పాత ఆధారము కూడ దానితోనే తొలగినది. నీరుగంటి కేక వినబడిన చోట తుమ్మకంప పెరిగినది, తూము పూడినది, అలుగు వద్ద రాళ్ళు కదలినవి. రైతు చెరువును వదలి బోరు బావిని నమ్ముకొనెను. బోరు లోతునకు పోయిన కొలది ఖర్చు పెరిగినది. పడమటి ప్రకాశములో పలు గ్రామములకు పాతాళ గంగతో పాటు ఫ్లోరైడు కూడ వచ్చినది. పిల్లల పండ్లపై గారలు, పెద్దల ఎముకలలో బిగువు దాని గురుతులు. నీటి కరవు చేనుతో ఆగదు. బడిలో కూర్చున్న బిడ్డ నోటి వరకును వచ్చును.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. 1973-74లో కేంద్ర ప్రభుత్వము కరవు పీడిత ప్రాంతముల కార్యక్రమమును ఆరంభించినపుడు ఆ సీమ కూడ దాని క్రిందికి వచ్చినది. ఇరువది ఏండ్లు గడచిన పిమ్మట ఆచార్య సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఆ కార్యక్రమమును సమీక్షించి 1994లో నివేదిక సమర్పించినది. శాఖకొక పనిగా చెదరగొట్టక, ఒక వాగులోనికి నీరు చేరు ప్రదేశమంతటిని ఒక్కటిగా తీసికొని పనిచేయవలెననియు, ధనమును ఊరి సంఘము చేతనే వ్యయపరుపవలెననియు దాని సారాంశము. దాని ననుసరించి 1995 ఏప్రిల్ 1 నుండి కొత్త పద్ధతి అమలులోనికి వచ్చినది. ప్రజలు దీనిని వాటర్‌షెడ్ అనియే పిలిచిరి. సుమారు 500 హెక్టారులు ఒక పరీవాహకము. హెక్టారునకు 4,000 రూపాయలు. అనగా ఒక ఊరికి 20 లక్షలు. ఆ మొత్తము 2008 నాటి నియమములలో మైదానములకు హెక్టారునకు 12,000 రూపాయలైనది. 2021 నాటి నియమములలో 22,000 అయినది.

పని వరుస సులభముగా గ్రహింపదగినది. మొదట మిట్టపై కందకములు, ఆ దిగువన వాగులలో రాతి అడ్డుకట్టలు, పొలములలో గట్లు, ఇంకను దిగువన ఊటకుంటలు, చెక్‌డ్యాములు. పరుగెత్తు నీటిని నడిపించుట, నడుచు నీటిని నిలుపుట, నిలిచిన నీటిని ఇంకించుట దీని ఉద్దేశము. కింది పని ముందు చేసినచో పై నుండి వచ్చిన మట్టి దానిని ఒకటి రెండు వర్షములకే పూడ్చివేయును. నీరు చేరు ప్రదేశమున చెట్టు నిలిచిననే దిగువ చెరువు పూడక నిలుచును.

దశబంధములోని సూత్రము ఈ కొత్త నియమములలో ఒక మూల నిలిచియున్నది. 2008 నాటి నియమముల ప్రకారము సొంత భూమిలో పని చేయించుకొన్న రైతు ఖర్చులో పదవ వంతు చెల్లింపవలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారును, చిన్న, సన్నకారు రైతులును ఇరువదవ వంతు చెల్లించిన చాలును. ఆ ధనము ఊరి పేర వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిగా నిలువవలెను. ప్రభుత్వ సహాయము ముగిసిన తరువాత ఉమ్మడి కట్టడముల మరమ్మతు దానితో జరుగవలెను. నూతన పథకములోని ప్రాణము ఈ చిన్న నిధియే. దానిని కట్టడము కొరకు బలవంతముగా చెల్లించు సుంకముగా తలచిన ఊరిలో, అధికారులు వెళ్ళిపోయిన తరువాత తెగిన గట్టు తెగినట్లే యుండును. దానిని మరమ్మతునకు దాచుకొన్న గింజగా తలచిన ఊరిలో గట్టు నిలుచును.

ధనముతో పని లేని వేరొక ప్రయోగము కూడ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగినది. 2003లో, మొదట నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయముతోను, పిమ్మట ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారాను, రైతులే నిర్వహించు భూగర్భజల పథకము ప్రారంభమైనది. ప్రకాశముతో కూడ ఏడు కరవు జిల్లాలలో 600కు పైగా ఆవాసములలో అది నడచినది. అది రైతునకు రాయితీ ఇయ్యలేదు. వర్షమాపకమును, బావిలో నీటిమట్టము కొలుచు పరికరమును ఇచ్చినది. రైతులు, స్త్రీలు కూడ, వానను, నీటిమట్టమును కొలిచి ఊరి నడుమ బోర్డుపై వ్రాసిరి. రబీకి ముందు అందరును కూర్చుండి, నేలలోనికి ఇంకినది ఎంత, వేయదలచిన పైర్లకు కావలసినది ఎంత అని లెక్కగట్టిరి. ఎవరిపైనను నిర్బంధము లేదు. ఒక ఎకరము వరికి పట్టు నీటితో ఆరుతడి పైర్లు రెండు మూడెకరములు పండునని లెక్కలో కనబడినపుడు పలువురు పైరు మార్చిరి. అనేక పరీవాహకములలో రబీ నీటి వాడుక తగ్గినట్లు 2010లో ప్రపంచ బ్యాంకు తన నివేదికలో పేర్కొన్నది. పోరుమామిళ్ళ శాసనము దోషమని చెప్పినదానిని రైతులు బోర్డుపై తామే చూచి, తామే దిద్దుకొనిరి.

కృష్ణా జలమును సొరంగముల ద్వారా ఆ సీమకు తెచ్చుటకు ఉద్దేశించిన వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. దూరపు నీరు ఆశింపదగినదే. అయినను ఊరిపై కురిసిన వానను ఊరివారే పట్టుకొనవలెను; దానికి ఏ సొరంగమును బదులు కాజాలదు.

ఈ పనిలో బడికి కూడ వంతు కలదు. నిలువు గోడల పాత్ర నొకదానిని బడి ఆవరణలో ఆరుబయట ఉంచి, వాన వెలిసిన పిమ్మట అందలి నీటి లోతును కొలిచిన చాలును. అదియే ఆ నాటి వర్షపాతము. ఒక హెక్టారుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో అది లక్ష లీటరులగును. 500 హెక్టారుల పరీవాహకముపై అయిదు కోట్ల లీటరులగును. ఈ గుణకారము అయిదవ తరగతి బాలుడు చేయగలడు. ఆ నీటిలో ఎంత ఊరిలో నిలిచినది, ఎంత వాగున పోయినది అని అతడు ఇంటికి పోయి అడిగిన నాడు తండ్రి తన బావిలోనికి మరొక్కసారి తొంగి చూచును. ప్రభుత్వమిచ్చు ధనము కట్టను కట్టగలదు. కట్టను నిలుపునది ఊరి లెక్క. మార్కాపురము పలకపై ఆ లెక్కను కూడ వ్రాయవచ్చును.