విభజన ముసాయిదాపై ప్రజాభిప్రాయం: సూరత్ చూసిన రెండు విభజనలు ఏం చెబుతున్నాయి?

గుజరాత్‌లోని సూరత్ నగరానికి రెండు రాష్ట్ర విభజనలతో సంబంధం ఉంది. 1960 మే 1న బొంబాయి రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు ఈ నగరం గుజరాత్‌లో భాగమైంది. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ విడిపోయినప్పుడు, సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల సొంత రాష్ట్రమే మారిపోయింది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన నేత కార్మికులు దశాబ్దాలుగా ఇక్కడి మరమగ్గాలపై పనిచేస్తున్నారు. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఈ రెండు విభజనలూ రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారమే జరిగాయి. రెండింటిలోనూ ముసాయిదా వెలువడిన వెంటనే ప్రజలు తీవ్రంగా స్పందించారు. అయితే ఆ స్పందనకు చట్టం ఇచ్చే విలువ ఎంత? అది దేనిని మార్చగలిగింది, దేనిని మార్చలేకపోయింది?

శాసనసభ అభిప్రాయానికి ఉన్న హద్దు

కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుదే. రాష్ట్రపతి సిఫారసు లేకుండా అలాంటి బిల్లును ప్రవేశపెట్టరాదు. ఏ రాష్ట్రం సరిహద్దులు మారుతాయో, ఆ రాష్ట్ర శాసనసభకు రాష్ట్రపతి బిల్లును పంపాలి. శాసనసభ నిర్ణీత గడువులోగా అభిప్రాయం చెప్పాలి. ఈ గడువు నియమాన్ని 1955లో ఐదో రాజ్యాంగ సవరణ చేర్చింది. శాసనసభ అభిప్రాయం వినడం తప్పనిసరి, దానికి కట్టుబడి ఉండటం తప్పనిసరి కాదు.

ఈ సూత్రం బొంబాయి రాష్ట్రం విషయంలోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1956లో శాసనసభ పరిశీలించిన ప్రతిపాదన ప్రకారం మహారాష్ట్ర, గుజరాత్ వేర్వేరు రాష్ట్రాలుగా, బొంబాయి నగరం కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడాలి. పార్లమెంటు దానిని మార్చి, మరాఠీ, గుజరాతీ ప్రాంతాలన్నింటినీ కలిపి ఒకే పెద్ద ద్విభాషా రాష్ట్రాన్ని ఏర్పాటు చేసింది. మార్చిన బిల్లును మళ్లీ శాసనసభకు పంపాలన్న వాదనను బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లో తోసిపుచ్చింది.

సూరత్ పరంగా చూస్తే దీని అర్థం స్పష్టం. ముసాయిదాలో గుజరాత్ రాష్ట్రానికి చెందాల్సిన జిల్లా, చట్టం వచ్చేసరికి బొంబాయి రాష్ట్రంలోనే మిగిలింది.

నాలుగేళ్లలో మారిన నిర్ణయం

ద్విభాషా రాష్ట్ర నిర్ణయంపై 1956 ఆగస్టులో గుజరాత్ ప్రాంతంలో ఆగ్రహం వ్యక్తమైంది. ఆగస్టు 8న అహ్మదాబాద్‌లో కాంగ్రెస్ కార్యాలయం దగ్గర నిరసన తెలుపుతున్న విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణనష్టం జరిగింది. ఇందులాల్ యాజ్ఞిక్ నాయకత్వంలో మహాగుజరాత్ జనతా పరిషత్ ఏర్పడింది. మరోవైపు, అప్పటి సూరత్ జిల్లా పరిధిలోని భదేలిలో జన్మించిన మొరార్జీ దేశాయ్ ద్విభాషా రాష్ట్రాన్ని సమర్థిస్తూ అహ్మదాబాద్‌లో నిరాహార దీక్ష చేశారు. మరాఠీ ప్రాంతంలో సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం సాగింది.

ఈ ఒత్తిడి మధ్య కేంద్రం నాలుగేళ్లలోపే తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది. 1960లో బొంబాయి పునర్వ్యవస్థీకరణ చట్టం వచ్చింది. అప్పటికి విడిపోవాలా వద్దా అన్న ప్రశ్న తీరిపోయింది. వివాదం ఏ గ్రామం ఎటు, ఎంత డబ్బు ఎవరికి అన్న అంశాలకు మళ్లింది.

సూరత్ జిల్లా సరిహద్దు ఈ వివాదంలో కీలకమైంది. ఠాణే జిల్లాలోని ఉంబర్‌గావ్ తాలూకా గ్రామాలు కొన్ని సూరత్ జిల్లాలో చేరాయి. పశ్చిమ ఖాందేశ్ జిల్లాలోని నవాపూర్, నందుర్బార్ తాలూకాల గ్రామాలు కొన్ని సూరత్ జిల్లాలోని సోన్‌గఢ్ తాలూకాలో కలిశాయి. డాంగ్స్ జిల్లా గుజరాత్‌కు దక్కింది. కొత్త రాష్ట్రం రాజధానిని నిర్మించుకోవాలి, ఆదాయ లోటును తట్టుకోవాలి కాబట్టి గుజరాత్‌కు నిధుల బదిలీని కూడా ఒప్పుకున్నారు. డాంగ్స్, ఉంబర్‌గావ్‌లను వదులుకోవడం, నిధులు ఇవ్వడం మహారాష్ట్రలో విమర్శలకు గురయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగింది?

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ ఏర్పాటుకు తీర్మానించింది. దానికి నిరసనగా సీమాంధ్ర ఉద్యోగులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. కేంద్ర మంత్రుల బృందం 11 అంశాలపై రాజకీయ పార్టీల నుంచి, ప్రజల నుంచి సూచనలు కోరింది.

తెలంగాణలో స్పందన వేరు. విభజనను స్వాగతించినవారే ముసాయిదాలోని షరతులను వ్యతిరేకించారు. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధానిగా ఉండటం, శాంతిభద్రతలపై గవర్నరుకు ప్రత్యేక బాధ్యతలు ఇవ్వడం వారికి నచ్చలేదు. రాయలసీమలోని రెండు జిల్లాలను కలిపి 'రాయల తెలంగాణ' చేయాలన్న ఆలోచనకు నిరసనగా డిసెంబరు 5న తెలంగాణలో బంద్ జరిగింది. అదే రోజు కేంద్ర మంత్రివర్గం పది జిల్లాల తెలంగాణకే ఆమోదం తెలిపింది.

రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ పంపిన బిల్లుపై సభ్యులు తొమ్మిది వేలకు పైగా సవరణలు ప్రతిపాదించారు. 2014 జనవరి 30న ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రవేశపెట్టిన తిరస్కరణ తీర్మానాన్ని శాసనసభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి.

ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగిన తీరుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. 2018 నవంబరులో వెలువడిన 585 పేజీల ముసాయిదా ఒప్పందాన్ని బ్రిటన్ దిగువ సభ 2019 జనవరి 15న 432–202 ఓట్లతో తిరస్కరించింది. దాంతో ఒప్పందాన్ని మళ్లీ చర్చించాల్సి వచ్చింది. భారత్‌లో విభజన ఇద్దరి మధ్య కుదిరే ఒప్పందం కాదు, పార్లమెంటు చేసే చట్టం. అందువల్ల ప్రజల ఒత్తిడి శాసనసభ ఓటు రూపంలో కంటే, బిల్లు ఖరారయ్యే ముందు వీధుల్లో, చర్చల బల్లల దగ్గర ఎక్కువ పనిచేస్తుంది.

చట్టం వచ్చాక కూడా మార్పులు ఆగవు. పోలవరం ముంపు ప్రాంతం కోసం ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాల పరిధిలోని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ 2014 జూలైలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 1960లో ఉంబర్‌గావ్ గ్రామాల మాదిరిగానే, ఇక్కడా ప్రజలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు.

వలస వెళ్లినవారి మాటేమిటి?

సరిహద్దులు, నీరు, అప్పులు, ఉద్యోగులు, ఆస్తులు: విభజన బిల్లులోని ప్రధాన అంశాలివి. బతుకుదెరువు కోసం రాష్ట్రం దాటినవారి పిల్లలు ఎక్కడి స్థానికులు అన్నది పెద్ద చర్చ కాలేదు. సూరత్‌లోని తెలుగు కుటుంబాలను నేరుగా తాకేది ఆ ప్రశ్నే.

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకు దక్కుతాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా పరిగణిస్తారు. దీనికి ఆధారమైన 371-డి అధికరణ విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వర్తించింది. ప్రవేశాల్లో పాత కోటాలు పదేళ్లకు మించకుండా కొనసాగుతాయని విభజన చట్టంలోని 95వ సెక్షన్ చెప్పింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది.

ఆ వెంటనే, 2024 జూలైలో, వైద్య విద్య ప్రవేశాలకు నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్న షరతును రాష్ట్ర ప్రభుత్వం కొత్త ఉత్తర్వులతో గట్టిపరచింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 సెప్టెంబరులో కోర్టు ప్రభుత్వ నిబంధనను సమర్థించింది. పదో తరగతి, ఇంటర్మీడియట్ సూరత్‌లో పూర్తిచేసిన నేత కార్మికుల బిడ్డ, తల్లిదండ్రుల ఊరు వరంగల్ జిల్లాలోనే ఉన్నా, ఈ లెక్కలో స్థానికుల కోటాకు దూరమవుతుంది.

వలస కార్మికులను వెనక్కు రప్పించే ప్రయత్నమూ జరిగింది. సూరత్, భివండీ, షోలాపూర్‌లకు వెళ్లిన నేత కార్మికులు తిరిగి రావాలన్న ఉద్దేశంతో 2017 అక్టోబరు 22న వరంగల్ సమీపంలో కాకతీయ మెగా జౌళి పార్కుకు తెలంగాణ ప్రభుత్వం శంకుస్థాపన చేసింది. అయితే తిరిగి వచ్చే కుటుంబానికి ఉపాధితోపాటు, పిల్లల చదువుకు వర్తించే స్థానికత నిబంధన కూడా ముఖ్యమే.

రెండు విభజనల అనుభవాన్ని బట్టి చూస్తే, ముసాయిదా దశలో గట్టిగా వినిపించిన అభ్యంతరాలు కొన్ని బిల్లును మార్చగలిగాయి. వందల కిలోమీటర్ల దూరంలో మగ్గం ముందున్నవారి ప్రశ్న ఆ దశలో బలంగా వినిపించలేదు. పదేళ్ల గడువు ముగిశాక అది ఇప్పుడు ప్రవేశాల కౌంటర్ల దగ్గర ఎదురవుతోంది.