7. ఎదుటివారి పనుల విషయంలో మన ఇష్టాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ‘వాంట్’, ‘వుడ్ లైక్’, ‘వుడ్ ప్రిఫర్’, ‘వుడ్ రాదర్’ తరువాత వాక్యాన్ని సరిగా పూర్తి చేయగలుగుతారు.
• ‘వుడ్ రాదర్’ తరువాత భూతకాల రూపం ఎందుకు వస్తుందో వివరించగలుగుతారు.
• ఎవరితో ఏ రూపం వాడాలో ఎంచుకోగలుగుతారు.

7.1 పరిచయం

‘నాకు ఇంట్లో ఉండటం ఇష్టం’ అన్నప్పుడు ఇష్టమూ మనదే, పనీ మనదే. ‘మీరు ఇంట్లో ఉంటే బాగుంటుంది’ అన్నప్పుడు ఇష్టం మనది, పని ఎదుటివారిది. ఇటువంటి వాక్యంలో ఇద్దరు మనుషులు ఉంటారు. ఆ రెండో మనిషిని వాక్యంలో ఏ రూపంలో పెట్టాలి, అతని పనిని తెలిపే క్రియ ఏ రూపంలో ఉండాలి అన్న రెండు చోట్లే మనం ఎక్కువగా తడబడతాం.

తెలుగులో ఈ ఇబ్బంది లేదు. ‘అతను వెళ్లాలని నా కోరిక’, ‘అతను వెళ్తే నాకు ఇష్టం’, ‘అతను వెళ్లడం నాకు ఇష్టం’ అనే మూడు వాక్యాల్లోనూ ‘అతను’ మారలేదు. ఇంగ్లిష్‌లో మాత్రం ముందు వచ్చే క్రియను బట్టి తరువాతి రూపం మారుతుంది. అందువల్ల ప్రతి క్రియను దాని తరువాత వచ్చే రూపంతో కలిపి నేర్చుకోవాలి.

7.2 ‘వాంట్’, ‘వుడ్ లైక్’

కింది వాక్యాన్ని చూడండి.

తప్పు: ఐ వాంట్ దట్ యూ షుడ్ కమ్ టుమారో.
ఒప్పు: ఐ వాంట్ యూ టు కమ్ టుమారో.

మొదటి వాక్యం ఎలా పుట్టిందో గమనించండి. ‘మీరు రేపు రావాలని కోరుకుంటున్నాను’ అనే తెలుగు వాక్యంలోని ‘అని’ అక్కడ ‘దట్’ అయింది, ‘రావాలి’ అన్నది ‘షుడ్ కమ్’ అయింది. ‘వాంట్’ తరువాత ఈ నిర్మాణం పనికిరాదు. మనిషిని కర్మగా పెట్టి, ఆ తరువాత ‘టు’తో కూడిన క్రియ రాయాలి. కర్మ కాబట్టి ‘హీ’, ‘షీ’, ‘దే’ అనేవి ‘హిమ్’, ‘హర్’, ‘దెమ్’గా మారతాయి.

ఐ వాంట్ హిమ్ టు గో. – అతను వెళ్లాలని నా కోరిక.
వుయ్ వుడ్ లైక్ హర్ టు స్పీక్ ఫస్ట్. – ఆమె ముందుగా మాట్లాడాలని మా కోరిక.

7.3 ‘వుడ్ ప్రిఫర్’

రెండు మార్గాలు ఉండి, వాటిలో ఒకటి మనకు మేలనిపించినప్పుడు దీన్ని వాడతాం. దీని తరువాత కూడా పై నిర్మాణమే వస్తుంది.

ఐ వుడ్ ప్రిఫర్ యూ టు పే బై చెక్. – మీరు చెక్కు ద్వారా చెల్లిస్తే నాకు మేలు.

ఇదే మాటను ‘ఇఫ్’తోనూ చెప్పవచ్చు: ఐ వుడ్ ప్రిఫర్ ఇట్ ఇఫ్ యూ పెయిడ్ బై చెక్. ఇక్కడ ‘ఇట్’ను వదిలిపెట్టకూడదు. ‘ఇఫ్’ తరువాత ‘పే’ కాకుండా ‘పెయిడ్’ వచ్చింది చూడండి. దానికి కారణం తరువాతి అంశంలో తెలుస్తుంది.

7.4 ‘వుడ్ రాదర్’

ముందుగా ఈ రెండు వాక్యాలను పోల్చండి.

ఐ వుడ్ రాదర్ స్టే హియర్. – నేను ఇక్కడే ఉంటాను, అదే నాకిష్టం.
ఐ వుడ్ రాదర్ యూ స్టేడ్ హియర్. – మీరు ఇక్కడే ఉంటే బాగుంటుంది.

ఇష్టం, పని ఒకరివే అయితే క్రియ మూలరూపంలో ఉంటుంది. పని వేరొకరిది అయితే కొత్త కర్త వస్తుంది, క్రియ భూతకాల రూపం తీసుకుంటుంది. ఇక్కడ ‘టు’ రాదు. మనిషి కర్త కాబట్టి ‘హిమ్’ కాదు, ‘హీ’ రాయాలి: ఐ వుడ్ రాదర్ హీ వెంట్ టుమారో.

రేపటి పనికి భూతకాలం ఏమిటన్న సందేహం మీకు రావచ్చు. ఈ రూపం ఇక్కడ గడిచిన కాలాన్ని సూచించదు. పని ఇంకా జరగలేదని, అది కేవలం మన మనసులోని కోరిక అని సూచిస్తుంది. మన భాషలోనూ ఇటువంటిది ఉంది. ‘రేపు మీరు వచ్చారంటే పని అయిపోతుంది’ అంటాం. ‘వచ్చారు’ భూతకాల రూపమే, కాని రాక రేపటిది. ఈ వాక్యం గుర్తుంచుకుంటే ‘వుడ్ రాదర్’ నియమం వింతగా అనిపించదు.

వద్దని చెప్పడానికి ‘డిడ్ నాట్’ వాడతాం.

మదర్ వుడ్ రాదర్ హీ డిడ్ నాట్ డ్రైవ్ ఎట్ నైట్. – అతను రాత్రిపూట బండి నడపకపోతే బాగుంటుందని అమ్మ ఉద్దేశం.

కోరిక నిజంగానే గడిచిన కాలానికి సంబంధించినదైతే ‘హాడ్’ చేరుతుంది.

ఐ వుడ్ రాదర్ యూ హాడ్ ఆస్క్‌డ్ మీ ఫస్ట్. – మీరు ముందు నన్ను అడిగి ఉంటే బాగుండేది.

తెలుగులో ‘అడిగితే బాగుంటుంది’ అన్నది ‘అడిగి ఉంటే బాగుండేది’గా మారినప్పుడు రెండు క్రియలూ మారాయి. ఇంగ్లిష్‌లో ‘వుడ్ రాదర్’ మారదు, దాని తరువాతి క్రియ మాత్రమే మారుతుంది.

7.5 ఎవరితో ఏది?

వ్యాకరణం సరిగా ఉన్నంత మాత్రాన వాక్యం సందర్భానికి తగినదని చెప్పలేం. మీరు మీ అధ్యయన కేంద్రానికి ఉత్తరం రాస్తున్నారనుకోండి. ‘ఐ వాంట్ యూ టు సెండ్ మై బుక్స్’ అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అయినా చదివేవారికి అది ఆజ్ఞలా వినిపిస్తుంది. ‘వుడ్ లైక్’ కొంత మెత్తనిది, అయినా అధికారులకు రాసేటప్పుడు అదీ చాలదు. అక్కడ కోరికను చెప్పడం కంటే అభ్యర్థించడం మంచిది: ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ సెండ్ మై బుక్స్. మన కార్యాలయ లేఖల్లో ‘పంపగలరని మనవి’ అని రాస్తాం కదా. అందులోని ‘గలరు’ చేసే పనినే ఇక్కడ ‘కుడ్’ చేస్తుంది.

‘వుడ్ రాదర్’ ముఖ్యంగా తోటివారిని నొప్పించకుండా వారించడానికి ఉపయోగపడుతుంది. గదిలో ఎవరైనా సిగరెట్ వెలిగించబోతే ‘ఐ డోంట్ వాంట్ యూ టు స్మోక్ హియర్’ అనడం కంటే ‘ఐ వుడ్ రాదర్ యూ డిడ్ నాట్ స్మోక్ హియర్’ అనడం మర్యాద. చెప్పవలసింది చెప్పినట్లూ ఉంటుంది, నిర్ణయం వారికే వదిలినట్లూ ఉంటుంది.

7.6 సారాంశం

‘వాంట్’, ‘వుడ్ లైక్’, ‘వుడ్ ప్రిఫర్’ తరువాత మనిషి కర్మగా వచ్చి, ‘టు’తో క్రియ వస్తుంది. ‘వుడ్ రాదర్’ తరువాత మనిషి కర్తగా వచ్చి, భూతకాల రూపం వస్తుంది. గడిచిన కాలానికి సంబంధించిన పనికి ‘హాడ్’ చేర్చాలి.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

సమాధానాలు చూడకుండా ముందు మీరే రాయండి.

1. ‘నువ్వు ఇక్కడే ఉండాలని నాన్న కోరిక.’ ‘వాంట్’ ఉపయోగించి రాయండి.
2. ‘ఆమె ఈ విషయం ఎవరికీ చెప్పకపోతే బాగుంటుంది.’ ‘వుడ్ రాదర్’ ఉపయోగించి రాయండి.
3. ‘మీరు ఆ ఉత్తరం చదవకుండా ఉంటే బాగుండేది.’ ‘వుడ్ రాదర్’ ఉపయోగించి రాయండి.
4. తప్పు సరిదిద్దండి: ఐ వుడ్ ప్రిఫర్ హీ టు కమ్ ఎట్ టెన్.

సమాధానాలు

1. ఫాదర్ వాంట్స్ యూ టు స్టే హియర్.
2. ఐ వుడ్ రాదర్ షీ డిడ్ నాట్ టెల్ ఎనీవన్ అబౌట్ దిస్.
3. ఐ వుడ్ రాదర్ యూ హాడ్ నాట్ రెడ్ దట్ లెటర్.
4. ఐ వుడ్ ప్రిఫర్ హిమ్ టు కమ్ ఎట్ టెన్.

2, 3 సమాధానాల్లో పొరపాటు జరిగితే 7.4ను మరొకసారి చదివి, మీ ఇంట్లో రోజూ వినిపించే ‘ఇలా చేస్తే బాగుంటుంది’, ‘ఇలా చేసి ఉంటే బాగుండేది’ అనే మాటలను ఐదింటిని ఇంగ్లిష్‌లో రాసి చూడండి.