కెనడా పల్లెలకు మనుషులు కావాలట! కాగితం ఎవరి చేతిలో వుంది?

నల్లగొండ, ఖమ్మం జిల్లాల్లో కూలి రేట్ల మీటింగులకు వెళ్లినప్పుడు ఈమధ్య మాకు ఒక కొత్త ప్రశ్న ఎదురవుతున్నది. "అన్నా, కెనడాలో చిన్న ఊళ్లకు పోతే అక్కడే వుండిపోవటానికి కాగితం ఇస్తారట గదా, నిజమేనా?" అడిగేది కుర్రవాళ్లు కాదు, వాళ్ల తల్లిదండ్రులు. ఎకరం, ఎకరంన్నర భూమి గల పేద రైతులు, కౌలుదార్లు. కూలీల సంఘంవాళ్లకు కెనడా గొడవ ఎందుకని కొందరు ఎగతాళి కూడా చేశారు. తాకట్టులో పడేది ఇక్కడి భూమి, ఇక్కడి పుస్తెలతాడు గనుక అది మా గొడవే.

అటువంటి పథకం వున్నమాట నిజమే. కెనడా విస్తీర్ణంలో మన దేశానికి మూడింతలు. జనం మాత్రం నాలుగు కోట్ల పైచిలుకు. వలస వచ్చినవాళ్లలో ఎక్కువమంది టొరంటో, వాంకూవర్ వంటి నగరాల్లోనే దిగిపోతారు. గనుల పట్టణాలు, రైలు జంక్షన్లు, గోధుమ పండే ఊళ్లలోంచి కుర్రకారు వెళ్లిపోతుంటే ముసలివాళ్లు మిగులుతున్నారు. ఆస్పత్రిలో ఆయా దొరకదు, వర్కుషాపులో వెల్డరు దొరకడు. అందుకని అక్కడి కేంద్ర ప్రభుత్వం 2019లో సడ్‌బరీ, టిమ్మిన్స్, థండర్ బే, బ్రాండన్, మూస్ జా వంటి 11 చోట్ల ప్రయోగంగా ఒక పథకం పెట్టింది. అది 2024 ఆగస్టుతో ముగిసింది. 2025 జనవరిలో 14 చోట్లతో దాని తరువాయి పథకం ప్రకటించారు.

పద్ధతి ఇదీ. ఊరి తరఫున ఒక ఆర్థికాభివృద్ధి సంస్థ వుంటుంది. ఏ పనులకు మనుషులు కావాలో, ఏ యజమానులు పిలవవచ్చో ఆ సంస్థ నిర్ణయిస్తుంది. ఆ జాబితాలోని యజమాని పని ఇస్తానని రాసివ్వాలి. పనికి వెళ్లేవాడికి మామూలుగా గడచిన మూడేళ్లలో ఒక ఏడాది అనుభవం, భాషా పరీక్షలో ఉత్తీర్ణత వుండాలి. తరువాత ఊరు సిఫారసు చెయ్యాలి. అప్పుడు కేంద్ర ప్రభుత్వం పరిశీలించి శాశ్వత నివాస హక్కు ఇస్తుంది. భార్యాబిడ్డల్ని కూడా వెంట తీసుకుపోవచ్చు. గల్ఫ్‌కు పోయిన మన కరీంనగర్, నిజామాబాద్ కూలీలకు ముప్పయ్యేళ్లు పనిచేసినా దక్కనిది ఇది. ఆ మేరకు ఇది మంచి పద్ధతేనని మేము ఒప్పుకుంటాం.

అయితే పల్లెలకు మనుషులు కావాలంటున్న ఆ దేశంలో, ఆ పల్లెల పొలాల్లో వంగి పనిచేస్తున్నవాళ్ల సంగతేమిటి? 1966లో జమైకా నుండి 264 మంది కూలీలను ఒంటారియో రాష్ట్రపు తోటల్లోకి తెచ్చారు. 1974 నుండి మెక్సికోవాళ్లూ వస్తున్నారు. లెమింగ్టన్ చుట్టుపక్కల టమాటాలు, ఆపిల్ తోటలు, పొగాకు చేలు, అన్నిటికీ వీళ్ల చేతులే ఆధారం. ఏడాదిలో ఎనిమిది నెలలు మించి వుండటానికి వీల్లేదు. డిసెంబరు 15 లోపల దేశం దాటాలి. మళ్లీ వసంతంలో రావాలి. ఇరవయ్యేళ్లు వరసగా వచ్చి పనిచేసినా "సీజను కూలీ"యే. భార్యాబిడ్డలు వెంట రాకూడదు. నిరుద్యోగ బీమాకు జీతంలోంచి కోత పడుతుంది, పని లేని నెలల్లో మాత్రం అతను దేశంలోనే వుండడు గనుక మామూలు భృతి చేతికి రాదు. మామిడికాయకు సీజను వుంటుంది గాని మనిషి కడుపుకు సీజను వుంటుందా?

పర్మిట్టు మీద యజమాని పేరు వుంటుంది. గది కూడా యజమానిదే. వచ్చే ఏడు ఎవర్ని పిలవాలో పేరుపేరునా చెప్పేదీ ఆయనే. జీతం తక్కువ పడిందని అడిగినవాడి పేరు మరుసటేడు జాబితాలో లేకపోతే కారణం ఎవరూ చెప్పరు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇరుకు గదుల్లో కిక్కిరిసి వుంటున్న ఈ కూలీలకే జబ్బు జోరుగా అంటింది. ఒంటారియోలో ముగ్గురు మెక్సికో కూలీలు చనిపోయారు. పోనీ సంఘం పెట్టుకుందామా అంటే, మిగతా కార్మికులకున్న బేరసారాల హక్కు ఆ రాష్ట్రంలో వ్యవసాయ కూలీలకు లేదు. వాళ్ల కోసం 2002లో విడిగా ఒక పలచటి చట్టం చేశారు, 2011లో సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుందన్నది. వ్యవసాయరంగానికని 2020లో ఒక వలస పథకం పెట్టారు గాని అందులో ఏడాది పొడుగునా సాగే పనికే చోటు. మాంసం ఫ్యాక్టరీ, పుట్టగొడుగుల షెడ్డువాళ్లు అర్హులు. ఇరవయ్యేళ్ల సీజను కూలీ అనర్హుడు. 2025లో అదీ మూసేశారు.

దీనికి భిన్నమైన అనుభవం మానిటోబా రాష్ట్రంలోని బ్రాండన్‌లో వున్నది. 1999లో అక్కడ పెద్ద పందిమాంసం ఫ్యాక్టరీ పెట్టారు. చుట్టుపక్కల మనుషులు చాలక మెక్సికో, ఎల్ సాల్వడార్, చైనా, ఉక్రెయిన్, మారిషస్ దేశాల నుండి తాత్కాలిక పర్మిట్ల మీద కార్మికులను తెచ్చారు. కత్తి పట్టి లైను మీద నిలబడే కష్టమైన పని. కాని అక్కడ యూనియన్ వున్నది. తాత్కాలిక కార్మికుల శాశ్వత నివాసపు దరఖాస్తులను కంపెనీ ఆలస్యం లేకుండా నడిపించాలన్న షరతును యూనియన్ ఒప్పందంలోకి ఎక్కించింది. అంటే కాగితం యజమాని దయగా కాక, ఒప్పందంలోని హక్కుగా మారింది. తరువాత కుటుంబాలు వచ్చాయి, ఊరి బళ్లలో స్పానిష్ మాటలు వినపడసాగాయి. 2009 నుండి ఆ రాష్ట్రంలో, పని ఇప్పిస్తానని కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవటం నిషేధిస్తూ చట్టం అమలులోకి వచ్చింది.

కొత్త పథకంలో మాకు కనిపిస్తున్న లోపం ఇక్కడే. శాశ్వత హక్కు చేతికొచ్చాక ఎక్కడికైనా వెళ్లి బతకవచ్చు. ఆ దేశపు రాజ్యాంగపు హక్కుల పత్రం 6వ అధికరణం ఆ స్వేచ్ఛ ఇస్తున్నది. "వీళ్లు కాగితం రాగానే టొరంటోకు ఉడాయిస్తారు" అని గొణిగే పెద్దమనుషులున్నారు. అద్దె ఇల్లు, బస్సు, తగిన జీతం వుంటే ఎవరైనా ఎందుకు పోతారు? అసలు చిక్కు కాగితం రాకముందు కాలంలో వున్నది. ఆ ఎదురుచూపు రోజుల్లో ఇచ్చే పర్మిట్టు ఆ ఒక్క యజమానికే కట్టేసి వుంటుంది. ఓవర్‌టైం ఎగ్గొట్టినా నోరెత్తితే పనీ పోతుంది, కాగితమూ పోతుంది. దౌర్జన్యానికి గురైన విదేశీ కార్మికుడికి వేరే చోట పనిచేసుకునే పర్మిట్టు 2019 నుండి ఇస్తున్నారు గాని, రుజువు చూపే బాధ్యత అతనిదే.

పాలమూరు కూలీలకు ఇది చెప్పి అర్థం చేయించనక్కరలేదు. అడ్వాన్సు తీసుకున్ననాడే మేస్త్రీ చేతిలో మెడ పెట్టినట్టు. ఒకనాడు మనవాళ్లను రంగూన్ మిల్లులకు తీసుకుపోయింది కూడా మేస్త్రీలే. తేడా ఏమిటంటే, అప్పుడు మేస్త్రీ కూలీకి ముందు డబ్బు ఇచ్చేవాడు, ఇప్పుడు కూలీయే ముందు లక్షలు కట్టాలి. యజమాని రాసిచ్చే ఉత్తరానికి విలువ పెరిగేసరికి దాన్ని అమ్మే బజారు పుట్టింది. ఈ మోసాలను అరికట్టటానికే కెనడా ప్రభుత్వం తన మరొక వలస పథకంలో ఉద్యోగపు ఉత్తరానికి ఇచ్చే అదనపు మార్కులను 2025 మార్చి 25 నుండి రద్దు చేసింది.

ఇక మన వైపు. విదేశాలకు కార్మికులను పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద కేంద్ర ప్రభుత్వ లైసెన్సు వుండాలి. దాన్ని తప్పించుకోవటానికి "మేము ఏజెంట్లం కాము, కన్సల్టెన్సీ మాత్రమే" అని బోర్డు పెడుతున్నారు. అందుకని ఊళ్లలో మేము మూడు మాటలు అడగమంటున్నాము. ఏ ఊరు? ఏ యజమాని? ఆ యజమాని పేరు ఆ ఊరివాళ్ల జాబితాలో వున్నదా? ఈ జాబితాలు గుట్టుగా వుండేవి కావు, ఇంటర్నెట్టు తెలిసిన పిల్లవాడెవరైనా ఆ ఊళ్ల సంస్థలు పెట్టినదాన్ని చూసి చెప్పగలడు. ఆమధ్య ఒక కౌలు రైతు వెంట మేమే వెళ్లి ఒక ఆఫీసులో ఈ మాటలు అడిగాము. ఊరి పేరు చెప్పారు. యజమాని పేరు మాత్రం సగం డబ్బు కట్టాక చెబుతామన్నారు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, బల్లమీద పెట్టిన దస్తావేజుల సంచీ తీసుకుని లేచాడు.