అంచున అనంతమైనా లోపల పరిమితమే

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్టకు ఎగువన నీటిమట్టం ఎక్కువ, దిగువన తక్కువ. ఆ తేడా వల్ల పునాది కింది ఇసుకలోంచి నీరు నెమ్మదిగా ఊరుతుంది. ఇసుక మీద కట్టిన ఏ ఆనకట్టకైనా ఈ ఊట తప్పదు. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టకూ తప్పలేదు.

మట్టాలు నిలకడగా ఉంటే, ఇసుకలో ఒక్కో చోట నీటి ఒత్తిడి ఒక్కో స్థాయిలో స్థిరపడుతుంది. ఇసుక అంతటా ఒకే తీరుగా ఉందనుకుంటే, ఏ చోటి స్థాయి అయినా చుట్టుపక్కల స్థాయిల సగటే. ఇలాంటి నియమాన్ని రాసేది దీర్ఘవృత్తీయ సమీకరణం (అంచు విలువలను బట్టి లోపలి విలువలను తేల్చేది). ఎగువ దిగువల తేడా పదింతలైతే లోపలి ప్రభావమూ పదింతలవుతుంది. దీన్ని రేఖీయం అంటారు. ఇక్కడ అంచు విలువను అంతులేకుండా పెంచితే లోపలి విలువ కూడా అంతులేకుండా పెరుగుతుంది.

ఇప్పుడు నియమాన్ని కొంచెం మారుద్దాం. అంచున ఉన్న గోడ వైపు నుంచి ఒక పదార్థం లోపలికి వ్యాపిస్తోంది. వ్యాపిస్తూనే దారిలో హరించుకుపోతోంది. ఎంత హరిస్తుందన్నదే కీలకం.

మొదట, హరించేది మోతాదుకు సమానం అనుకుందాం. గోడ దగ్గర మోతాదు 10 అయితే, ఒక ప్రమాణం దూరాన 3.7 మిగులుతుంది. గోడ దగ్గర 100 ఉంటే 37, 1000 ఉంటే 368. ఇది రేఖీయమే.

ఈసారి హరించేది మోతాదు ఘనానికి రెండింతలు అనుకుందాం. అంటే మోతాదు రెట్టింపైతే హరించేది ఎనిమిదింతలు. ఇది రేఖీయేతరం (పెంపు అదే నిష్పత్తిలో కనిపించనిది). గోడ దగ్గర 10 ఉంటే, అదే దూరాన 0.91 ఉంటుంది. 100 ఉంటే 0.99. 1000 ఉంటే 0.999. ఎంత పెంచినా ఒకటిని తాకదు. గోడ దగ్గర అనంతమే పెట్టినా ఆ దూరాన సరిగ్గా ఒకటి ఉంటుంది, అంతే. అర ప్రమాణం దూరంలో ఆ హద్దు 2, పదోవంతు దూరంలో 10.

ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూడమని విద్యార్థులకు నేను గట్టిగా చెబుతాను. కారణం అందులోనే కనిపిస్తుంది. మోతాదు పెరిగిన చోటే హరణ విజృంభిస్తుంది. కాబట్టి కొత్తగా చేర్చినదంతా గోడ పక్కనే ఖర్చయిపోతుంది.

అంచున అనంతమై లోపల పరిమితంగా ఉండే ఇలాంటి సాధనలను (సమీకరణాన్ని తీర్చే విలువలను) గణితవేత్త బీబర్‌బాఖ్ 1916లోనే ఒక ఘాతీయ సమీకరణానికి పరిశీలించాడు. 1956లో జోసెఫ్ కెల్లర్ పాత్రలో బంధించిన ఆవేశిత వాయువు (విద్యుదావేశం గల వాయువు) గురించి ఆలోచించాడు. కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎంత వాయువు నింపినా, ఒక స్థాయి దాటాక అదనమంతా గోడలకే చేరుతుంది. నడుమ సాంద్రత ఒక హద్దు దాటదు. హరణ ఎంత వేగంగా పెరిగితే ఇది సాధ్యమో 1957లో కెల్లర్, రాబర్ట్ ఆసర్‌మాన్ విడివిడిగా తేల్చారు. మోతాదు వర్గంతోనో ఘనంతోనో పెరిగితే చాలు. మోతాదుకు సమానంగా పెరిగితే చాలదు.

అనంతాన్ని అంచున నేరుగా పెట్టలేం కదా, మరి సాధన ఉందని రుజువు చేసేదెలా? అంచున 1, 2, 3 అని పెంచుకుంటూ సాధనలు తీస్తారు. ప్రతిదీ ముందుదానికంటే పైన ఉంటుంది. లోపల ప్రతి చోటా వాటన్నిటికీ పైన ఒక కప్పు ఉంటుంది. పెరుగుతూ కప్పు దాటనిది ఎక్కడో ఒకచోట నిలవాలి.

కింద ఒకటి, పైన ఒకటి పెట్టి నడుమ సాధనను పట్టే ఈ ఆలోచనతో విస్తృతంగా పనిచేసిన గణితవేత్త వంగిపురం లక్ష్మీకాంతం. కెల్లర్, ఆసర్‌మాన్ ఫలితాలు వెలువడిన 1957లోనే ఆయన ఉస్మానియా నుంచి డాక్టరేట్ పొందారు. రేఖీయేతర విశ్లేషణకు ప్రత్యేకంగా అంతర్జాతీయ పత్రిక నెలకొల్పారు. ఇదే పద్ధతి మీద లద్దే, వత్సలతో కలిసి 1985లో పుస్తకం రాశారు. తెలుగునాట గణితం చదివేవారికి ఆయన పేరు ఇంకా బాగా తెలియాలి.

తర్వాతి ప్రశ్న: ఇలాంటి సాధనలు ఎన్ని ఉంటాయి? 1992లో కేథరిన్ బాండ్లె, మోషె మార్కస్ దీన్ని విస్తృతంగా పరిశీలించారు. పై ఘన నియమానికి, నున్నటి అంచు గల ప్రాంతంలో, సాధన ఒక్కటే. అంచున కొలిచి చెప్పాల్సిన విలువ ఏదీ లేదు. ప్రాంతం ఆకారం, సమీకరణం తెలిస్తే లోపల ప్రతి చోటా విలువ తేలిపోతుంది.